సి పోయినా డి మిగలాలంటే

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. మరో ఏడాది పాటు భద్రతా అప్‌డేట్లు తీసుకునే వెసులుబాటు ఇచ్చినా, పాత ఆపరేటింగ్ సిస్టమ్‌ను తీసి కొత్తది వేసుకోక తప్పని కంప్యూటర్లు ప్రపంచమంతటా కోట్లలో ఉన్నాయి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల బజార్లలో ఈ పనికి "ఫార్మాట్ కొట్టడం" అని పేరు. సీపీయూను బండి మీద పెట్టుకొని రిపేరు షాపుకు వచ్చినవాళ్లు ముందు ధర అడుగుతారు, ఆ వెంటనే "నా ఫైళ్లు పోవు కదా అన్నా?" అంటారు. "డి లో ఉంటే ఏం కావు" అని జవాబు వస్తుంది. ఈ జవాబు అబద్ధం కాదు. కానీ అది నిజం కావాలంటే కొన్ని షరతులు నెరవేరాలి. ఆ షరతులు షాపు నడిపేవాళ్లకూ, కంప్యూటర్ సొంతదారుకూ తెలిసి ఉండాలన్నదే ఈ వ్యాసం ఉద్దేశం.

ఈ మూడు ఊళ్ల హార్డ్‌డిస్కుల్లో ఉన్నవి మామూలు ఫైళ్లు కావు. సిరిసిల్లలో సాంచెలు (మరమగ్గాలు) నడిపే ఆసామి ఏ భీముకు ఎంత నూలు వాడాడో, ఎవరికి ఎంత కూలి బాకీ ఉన్నాడో టాలీలోనో ఎక్సెల్‌లోనో ఉంటుంది. 2017లో మొదలైన బతుకమ్మ చీరల వంటి ప్రభుత్వ ఆర్డర్లు నేసినవాళ్లకు మీటర్ల లెక్కలు, బిల్లుల నకళ్లు కూడా అందులోనే. కోరుట్లలో ఇంటికొకరో ఇద్దరో గల్ఫ్‌కు పోయిన వాడలున్నాయి. నాన్న దుబాయ్‌లో ఉండగా జరిగిన బిడ్డ పెళ్లి వీడియో అసలు ప్రతి స్టూడియో డిస్కులో తప్ప మరెక్కడా ఉండకపోవచ్చు. జగిత్యాల పక్కనే పొలాసలో ఉన్న ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం జగిత్యాల సన్నాలు వంటి వరి వంగడాలను రైతులకు అందించింది. అటువంటి పరిశోధనలో ఒక వానకాలం పొలంలో తీసుకున్న కొలతలు పోతే, వాటిని మళ్లీ తీసుకోవడానికి ఆ వానకాలం తిరిగి రాదు.

ముందుగా డిస్కు లోపల ఏముందో చూద్దాం. మనం సి, డి, ఇ అని పిలిచేవి విడివిడి పెట్టెలు కావు. మామూలుగా ఒకే డిస్కు మీద హద్దులు గీసి విడదీసిన భాగాలు, వీటినే పార్టిషన్లు అంటారు. ఆ హద్దుల వివరం డిస్కు మొదట్లో ఒక చిన్న పట్టికలో రాసి ఉంటుంది. ఐబీఎం పీసీ ఎక్స్‌టీ వచ్చిన 1983 నుంచి ఉన్న పాత పద్ధతి పేరు ఎంబీఆర్. అందులో డిస్కు మొట్టమొదటి సెక్టారు, అంటే 512 బైట్లు, మొత్తం కథ నడిపిస్తుంది. మొదటి 446 బైట్లు కంప్యూటర్‌ను లేపే చిన్న ప్రోగ్రాము. తర్వాతి 64 బైట్లు హద్దుల పట్టిక. చివరి 2 బైట్లు సంతకం. 64 బైట్లలో ఒక్కో పార్టిషన్‌కు 16 బైట్ల చొప్పున నాలుగు వరుసలే పడతాయి. ఒక వరుసలో ఒక బైటు ఇది బూట్ అయ్యే భాగమా కాదా అని చెబుతుంది, ఇంకో బైటు ఫైల్ సిస్టమ్ రకం చెబుతుంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ అయితే అక్కడ 07 అని ఉంటుంది. చివరి ఎనిమిది బైట్లలో నాలుగు ఈ భాగం ఏ సెక్టారు దగ్గర మొదలవుతుందో, మిగతా నాలుగు ఎన్ని సెక్టార్ల పొడవుందో చెబుతాయి. నాలుగు బైట్లలో రాయగలిగిన సంఖ్యకు హద్దు ఉంది కాబట్టే ఈ పద్ధతిలో మామూలు డిస్కు 2 టీబీ దాటి పనికిరాదు.

అంటే మీ డి డ్రైవ్ ఎక్కడ ఉందన్న సమాచారమంతా పదహారు బైట్లలో ఉంది. పహాణీలో పేరు కొట్టేసినంత మాత్రాన చేను ఎక్కడికీ పోదు, కానీ అది ఎవరిదో, ఎక్కడి నుంచి ఎక్కడి దాకానో చెప్పే ఆధారం పోతుంది. పార్టిషన్ పట్టిక చెరిగిపోయినప్పుడు జరిగేది కూడా ఇంతే. ఫైళ్లు డిస్కు మీద ఉన్నచోటనే ఉంటాయి, కానీ వాటికి దారి చూపేది ఏదీ ఉండదు.

కొత్త పద్ధతి జీపీటీ. కంప్యూటర్‌ను లేపే యూఈఎఫ్‌ఐ అన్న కొత్త ఏర్పాటు ఉన్న నేటి కంప్యూటర్లు దాదాపు అన్నీ దీన్నే వాడతాయి. ఇందులో మామూలుగా 128 వరుసలకు చోటుంటుంది, ఒక్కో వరుస 128 బైట్లు. ప్రతి పార్టిషన్‌కూ మరెక్కడా రాని ఒక పొడవైన గుర్తింపు సంఖ్య ఉంటుంది. పట్టిక చెడిపోతే పసిగట్టే చెక్‌సమ్ ఉంటుంది. పట్టిక నకలు డిస్కు చివర కూడా ఉంటుంది. ఇంజినీర్లు పాత పద్ధతిలోని లోపం గుర్తించి దిద్దుకున్న మంచి ఉదాహరణ ఇది.

ఇక ఫార్మాట్ అంటే ఏమిటి? క్విక్ ఫార్మాట్ చేస్తే ఆ ఒక్క పార్టిషన్‌లో ఫైళ్ల జాబితా మాత్రమే కొత్తగా ఖాళీది తయారవుతుంది. ఫైళ్లలోని అసలు సరుకు వెంటనే చెరగదు. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ మాత్రం ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాస్తూ పోతుంది, దాని తర్వాత ఏమీ దొరకదు. చిప్‌లతో నడిచే ఎస్‌ఎస్‌డీల్లో ఇంకో చిక్కుంది. ఫలానా చోటు ఇక అక్కర్లేదని ఆపరేటింగ్ సిస్టమ్ ఎస్‌ఎస్‌డీకి చెప్పే ఆదేశాన్ని ట్రిమ్ అంటారు. ఫార్మాట్ కొట్టగానే ఈ ఆదేశం వెళ్తే, ఎస్‌ఎస్‌డీ తన తీరిక వేళలో ఆ భాగాన్ని నిజంగానే తుడిచేస్తుంది. పాత హార్డ్‌డిస్కు రోజుల్లో "ఫార్మాట్ అయినా రికవరీ చేద్దాంలే" అన్న ధీమాకు కొంత ఆధారం ఉండేది. ఎస్‌ఎస్‌డీతో ఆ ఆధారం చాలావరకు పోయింది.

అసలు ప్రమాదం జరిగే చోటు ఇన్‌స్టాలేషన్‌లో వచ్చే ఒక తెర. విండోస్‌ను ఎక్కడ వేయాలని అడిగే ఆ తెర మీద సి, డి అన్న అక్షరాలు కనిపించవు. డ్రైవ్ 0 పార్టిషన్ 1, పార్టిషన్ 2, పార్టిషన్ 3 అంటూ వరుసగా సంఖ్యలుంటాయి. పక్కన మొత్తం సైజు, ఖాళీ చోటు కనిపిస్తాయి. సి, డి అన్నవి డిస్కు మీద ఉండే పేర్లు కావు. నడుస్తున్న విండోస్ తన రిజిస్ట్రీలో రాసుకున్న పేర్లు మాత్రమే. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయినప్పుడు ఆ పాత విండోస్ నడవడం లేదు కాబట్టి దాని పేర్లూ ఉండవు. ఒకవేళ అక్షరాలు కనిపించినా అవి వేరేగా ఉండవచ్చు. 237 జీబీ, 237 జీబీ అని రెండు సమానమైన భాగాలు పక్కపక్కన కనిపిస్తే ఏది సి, ఏది డి అని చూపుతో తేల్చడం ఎవరి వల్లా కాదు.

కాబట్టి పాత విండోస్ ఇంకా నడుస్తుండగానే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి, ఆ తెరను ఫోన్‌తో ఫొటో తీసుకోవాలి. ప్రతి భాగం సైజు, ఖాళీ, వరుస క్రమం అందులో ఉంటాయి. డి డ్రైవ్‌కు ముందే "లెక్కలు" అనో "స్టూడియో" అనో లేబుల్ పెట్టి ఉంచితే ఇంకా మేలు, లేబుల్ పార్టిషన్ లోపలే రాసి ఉంటుంది కాబట్టి ఇన్‌స్టాలేషన్ తెర మీద కూడా కనిపించే అవకాశం ఉంది. కంప్యూటర్‌లో రెండో డిస్కు ఉంటే, పని పూర్తయ్యే దాకా దాని కేబుల్ పీకి పక్కన పెట్టడం అన్నిటికంటే భద్రం. కనిపించని డిస్కును ఎవరూ పొరపాటున కూడా చెరపలేరు.

ఇప్పుడు చాలామందికి తగులుతున్న దెబ్బ ఇంకొకటుంది. పాత కంప్యూటర్ డిస్కు ఎంబీఆర్ పద్ధతిలో ఉంటుంది. కొత్త విండోస్‌ను యూఈఎఫ్‌ఐ తీరులో వేయబోతే, ఈ డిస్కులో ఎంబీఆర్ పట్టిక ఉంది, ఇక్కడ ఇన్‌స్టాల్ చేయడం కుదరదు అని సందేశం వస్తుంది. అప్పుడు చాలామంది కమాండ్ తెర తెరిచి డిస్క్‌పార్ట్‌లోకి పోయి క్లీన్ అని కొడతారు, ఆపైన డిస్కును జీపీటీలోకి మారుస్తారు. యూట్యూబ్ వీడియోల్లో ఇదే దొరుకుతుంది. కానీ క్లీన్ అన్న ఆదేశానికి సి, డి అన్న తేడా తెలియదు. అది మొత్తం డిస్కు పట్టికను తుడిచేస్తుంది. సి మాత్రమే పోతుందనుకున్న సొంతదారుకు డి, ఇ కూడా పోయాయని తర్వాత తెలుస్తుంది.

డేటా చెరపకుండా ఎంబీఆర్‌ను జీపీటీగా మార్చే పనిముట్టు 2017 నుంచి విండోస్‌లోనే ఉంది. దాని పేరు ఎంబీఆర్ టు జీపీటీ. ముందు పరీక్షించి చూసి, తర్వాతే మార్చే వీలు కూడా అందులో ఉంది. అయితే దానికో పరిమితి ఉంది. డిస్కులో మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లు ఉండకూడదు. ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ అసలే ఉండకూడదు. నాలుగు వరుసల పట్టికలో ఎక్కువ డ్రైవులు పెట్టుకోవడానికి పాత రోజుల్లో ఒక వరుసను ఎక్స్‌టెండెడ్ చేసి దాని లోపల డి, ఇ, ఎఫ్ అని లాజికల్ డ్రైవులు చేసేవారు. అలా కట్టిన డిస్కును ఈ పనిముట్టు ముట్టదు. అప్పుడు డి లోని సరుకంతా బయటి డిస్కులోకి కాపీ చేయడం తప్ప దగ్గరి దారి లేదు. గంటలు పట్టినా సరే, అదే చేయాలి.

పార్టిషన్ భద్రంగా ఉన్నా, అందులో లేనిది ఎలా మిగులుతుంది? ఇక్కడే ఎక్కువ నష్టం జరుగుతోంది. డెస్క్‌టాప్ మీద కనిపించేవన్నీ సి లోనే ఉంటాయి. డాక్యుమెంట్లు, డౌన్‌లోడ్లు, పిక్చర్లు అన్న ఫోల్డర్లూ అంతే. స్కానర్ తెచ్చిన పాసుపోర్టు నకళ్లు, వాట్సాప్ నుంచి దించిన ఆధార్ కాపీలు, రేపు ఫ్లెక్సీ షాపుకు పంపాల్సిన ఫైలు డెస్క్‌టాప్ మీదే ఉంటాయి, ఎందుకంటే అక్కడైతే వెంటనే కనబడతాయి. టాలీ డేటా ఫోల్డర్‌ను ఎవరూ మార్చకపోతే అది కూడా సాధారణంగా సి లోనే ఉంటుంది. టాలీ తెరిచి డేటా లొకేషన్ ఎక్కడుందో ఒక్కసారి చూసుకుంటే చాలు. ఔట్‌లుక్ వాడే ఆఫీసుల్లో పాత మెయిళ్ల ఫైలు డాక్యుమెంట్లలో ఉంటుంది.

తెలుగు డీటీపీ సెంటర్ల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. పెళ్లి కార్డులు, కరపత్రాలు, బ్యానర్లు ఈనాటికీ చాలాచోట్ల పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతోనే తయారవుతున్నాయి. పేజ్‌మేకర్ 7 వెలువడింది 2001లో, దాని తర్వాత కొత్త ప్రధాన వెర్షనే రాలేదు. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కింది. అక్కడ 'అ' అన్న అక్షరానికి తనదైన సంఖ్య ఉంటుంది, ఏ ఫాంట్ వాడినా అది 'అ'గానే ఉంటుంది. అను వంటి పాత ఫాంట్లు ఆ పద్ధతిలో లేవు. ఇంగ్లిషు అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన సంఖ్యల మీద తెలుగు గుణింతాల, ఒత్తుల బొమ్మలు కూర్చోబెట్టారు. ఫాంట్ ఉంటే తెలుగు కనిపిస్తుంది, ఫాంట్ లేకపోతే అర్థం కాని ఇంగ్లిషు అక్షరాలు, డాలర్ గుర్తులు, కామాలు మిగులుతాయి. పేజ్‌మేకర్ ఫైలు తనలో ఫాంట్‌ను దాచుకోదు. ఫాంట్ సి డ్రైవ్‌లోని విండోస్ ఫాంట్ల ఫోల్డర్లో ఉంటుంది. అంటే డి లో ఇరవై ఏళ్ల పనిని చెక్కు చెదరకుండా కాపాడుకున్న సెంటర్ కూడా, సి తో పాటు ఫాంట్ల సెట్టు, టైపింగ్ సాఫ్ట్‌వేర్ పోతే ఆ పనిని చదవలేదు. కాబట్టి కొనుక్కున్న ఫాంట్లు, వాటి ఇన్‌స్టాలర్లు, లైసెన్సు వివరాలు డి లో ఒక ఫోల్డర్లో పెట్టుకోవడం ఫైళ్లను కాపాడుకోవడమంత ముఖ్యం. వీలున్నచోట కొత్త పనులు యూనికోడ్‌లో చేయడం మొదలుపెడితే ముందు ముందు ఈ బెడదే ఉండదు.

పేజ్‌మేకర్‌కు, ఆల్బమ్ సాఫ్ట్‌వేర్‌కు ఇంకో సంగతి వర్తిస్తుంది. అవి ఫొటోలు ఎక్కడున్నాయో పూర్తి చిరునామాతో, డ్రైవ్ అక్షరంతో సహా రాసుకుంటాయి. కొత్త విండోస్ వచ్చాక డీవీడీ డ్రైవ్‌కో పెన్‌డ్రైవ్‌కో డి అన్న అక్షరం పడి, మీ పాత డి కాస్తా ఇ అయిపోతే, ఫొటోలన్నీ ఉన్నా ఫైళ్లు తెరిచినప్పుడు బొమ్మలు దొరకలేదని సందేశం వస్తుంది. భయపడనక్కర్లేదు. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో పాత అక్షరాన్నే తిరిగి ఇస్తే అన్నీ సర్దుకుంటాయి. అలాగే పాత ఫోల్డర్లు కొన్ని తెరవడానికి అనుమతి లేదని చెప్పవచ్చు. పాత విండోస్‌లోని యూజర్ వేరు, కొత్త యూజర్ వేరు కావడమే దానికి కారణం. అడ్మినిస్ట్రేటర్‌గా ఆ ఫోల్డర్ యాజమాన్యాన్ని తీసుకోవచ్చు.

తాళం సంగతి మాత్రం అంత తేలిక కాదు. డిస్కులో ఉన్నదంతా రహస్య లిపిలోకి మార్చి ఉంచే బిట్‌లాకర్ ఇప్పుడు చాలా ల్యాప్‌టాప్‌లలో ఎవరూ అడగకుండానే నడుస్తోంది. 2024లో వచ్చిన విండోస్ 11 వెర్షన్ నుంచి, కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన కంప్యూటర్లలో డివైస్ ఎన్‌క్రిప్షన్ తనంతట తానే మొదలయ్యే వీలు బాగా పెరిగింది. డి కూడా అలా తాళం పడి ఉంటే, దాన్ని రోజూ తెరిచే తాళంచెవి సి లోని విండోస్ దగ్గరే ఉంటుంది. సి ని ఫార్మాట్ చేస్తే ఆ తాళంచెవీ పోతుంది. అప్పుడు మిగిలేది 48 అంకెల రికవరీ కీ ఒక్కటే. అది లేకపోతే డి లో ఒక్క ఫైలును కూడా ప్రపంచంలో ఏ మెకానిక్కూ తెరవలేడు. ఎన్‌క్రిప్షన్ బాగా పనిచేస్తోందంటే అర్థం అదే. పని మొదలుపెట్టే ముందు ఈ కీ ని మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో చూసి కాగితం మీద రాసుకోవాలి, లేదా బిట్‌లాకర్‌ను ఆపేసి డిస్కు మొత్తం విప్పుకునే దాకా ఆగాలి.

పెన్‌డ్రైవ్ లేకుండా సెట్టింగ్స్ లోంచి రీసెట్ చేసేవాళ్లు కూడా ఒక చోట ఆగి చదవాలి. అన్నీ తీసేయమంటే, విండోస్ ఉన్న డ్రైవ్ ఒక్కటేనా లేక అన్ని డ్రైవులా అన్న ఎంపిక ఉంటుంది. కొన్ని కంపెనీల ల్యాప్‌టాప్‌లలో ఫ్యాక్టరీ రికవరీ మొత్తం డిస్కును కొన్ననాటి స్థితికి తీసుకుపోతుంది, మీరు తర్వాత గీసుకున్న డి ని అది లెక్కలోకి తీసుకోదు.

లినక్స్ వాడేవాళ్ల దారి కొంత సుగమం. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో ఉన్న, 2007లో మొదలైన జేఎన్‌టీయూ ఇంజినీరింగ్ కళాశాలలోనైనా, మరే కళాశాలలోనైనా కంప్యూటర్ సైన్స్ చదివే పిల్లలు లినక్స్‌ను ఏదో ఒక రూపంలో చూస్తూనే ఉంటారు. 2005లో హైదరాబాద్‌లో మొదలైన 'స్వేచ్ఛ' అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం తెలుగులో పనిచేసే ఆపరేటింగ్ సిస్టమ్ కోసం లినక్స్‌నే ఎంచుకుంది. లినక్స్‌లో యూజర్ల ఫైళ్లన్నీ హోమ్ అన్న ఒకే చోట ఉంటాయి కాబట్టి, దాన్ని వేరే పార్టిషన్‌గా పెట్టడం ఎప్పటి నుంచో ఉన్న మంచి అలవాటు. తిరిగి వేసేటప్పుడు పార్టిషన్లను చేత్తో ఎంచుకునే దారి పట్టాలి. మూల భాగానికి ఫార్మాట్ గుర్తు పెట్టి, హోమ్‌కు చోటు చూపిస్తూ ఫార్మాట్ గుర్తు తీసేయాలి. విండోస్ కూడా ఉన్న డిస్కులో ఈఎఫ్‌ఐ భాగాన్ని వాడుకోవాలే తప్ప ఫార్మాట్ చేయకూడదు, రెండు సిస్టమ్‌లను లేపే ఫైళ్లూ అందులోనే ఉంటాయి. ఇంకో చిన్న మెలిక: లినక్స్ ఫైలు యజమానిని పేరుతో కాదు, సంఖ్యతో గుర్తిస్తుంది. ఉబుంటు, డెబియన్‌లలో మొదటి యూజర్ సంఖ్య 1000. పాత క్రమంలోనే యూజర్లను సృష్టిస్తే హోమ్ ఫైళ్లు ఎవరివి వాళ్లకు చెందుతాయి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్ వల్ల షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది. ఆ స్థితిలో లినక్స్ నుంచి దాని పార్టిషన్ మీద రాస్తే ఫైళ్లు చెడిపోవచ్చు, కాబట్టి షిఫ్ట్ నొక్కి పట్టి పూర్తిగా ఆపాకే పని మొదలుపెట్టాలి.

జాగ్రత్త పడ్డా చేయి జారితే? డిస్కు మీద ఇంకేమీ రాయకుండా అక్కడికక్కడే ఆపాలి. మళ్లీ విండోస్ వేసి చూడడం, రికవరీ సాఫ్ట్‌వేర్‌ను అదే డిస్కులో ఎక్కించడం దొరకాల్సినదాన్ని చెరిపే పనులు. డిస్కును తీసి మరో కంప్యూటర్‌కు తగిలించాలి. టెస్ట్‌డిస్క్ అన్న ఉచిత ప్రోగ్రాము డిస్కంతా వెతికి, పోయిన పార్టిషన్ ఆనవాళ్లు పట్టుకొని పట్టికను తిరిగి రాయగలదు. దాని జంట ఫొటోరెక్ ఫైళ్లను వాటి ఆరంభ గుర్తులను బట్టి ఏరుకొస్తుంది, పేర్లు మాత్రం రావు. పట్టిక ఒక్కటే చెరిగిన హార్డ్‌డిస్కుల్లో ఫలితం బాగుంటుంది. ట్రిమ్ నడిచిన ఎస్‌ఎస్‌డీలో ఆశ పెట్టుకోలేం.

పార్టిషన్ వేరుగా ఉండడం బ్యాకప్ కాదు. సి, డి రెండూ ఒకే డిస్కు పళ్లేల మీదో ఒకే చిప్‌ల మీదో ఉన్నాయి. డిస్కు చెడితే రెండూ ఒకేసారి పోతాయి. పార్టిషన్ సైజు మారుస్తుండగా కరెంటు పోయినా అంతే, కాబట్టి ఆ పని యూపీఎస్ మీదో, చార్జింగ్ నిండిన ల్యాప్‌టాప్‌లోనో తప్ప చేయకూడదు.

రిపేరు షాపులు నడిపే తమ్ముళ్లకు, అన్నలకు నా విన్నపం. పని ఒప్పుకునేటప్పుడే టాలీ ఎక్కడుందో, ఏ ఫాంట్లు వాడతారో, బిట్‌లాకర్ కీ ఉందో లేదో అడిగి బిల్లు పుస్తకంలో రాసుకోండి. డెస్క్‌టాప్‌తో సహా అన్నీ బయటి డిస్కులోకి కాపీ చేయండి, ఆ పనికి వేరే ధర తీసుకోండి, అది న్యాయమైన ధరే. కంప్యూటర్ తెచ్చినవాళ్లు ఆ ధర దగ్గర బేరమాడవద్దు. కాపీ అయిన ఫైళ్లలో ఓ నాలుగైదింటిని సొంతదారు ఎదుటే వేరే కంప్యూటర్‌లో తెరిచి చూపించి, ఆయన సరే అన్నాకే బూటబుల్ పెన్‌డ్రైవ్ పెట్టండి.